వారం రోజుల జమీందార్లు

పంచాంగం చదివే సిద్ధాంతి ఎంత పెద్ద పండితుడైనా ఉగాదినాడు ఒక్క ఏడాదికే పూచీ పడతాడు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని చెప్పేసి, పై ఏడాది సంగతి పై ఏడాది చూసుకుందామని దక్షిణ పుచ్చుకుని వెళ్లిపోతాడు. స్టార్ హోటల్ బాంక్వెట్ హాల్లో టై కట్టుకుని కూర్చున్న పాతికేళ్ల కుర్రాడికి అలాంటి మొహమాటాలేం లేవు. రాబోయే ఇరవై ఐదేళ్లూ, ఏటా ఒక వారం, మీరు ఏదో కొండ మీద చేతిలో కాఫీ కప్పుతో నవ్వుతూ నిలబడి ఉంటారని బల్లగుద్ది చెబుతాడు. ఫొటో కూడా చూపిస్తాడు. ఆ ఫొటోలో ఉన్నవాళ్లు మీరు కారు, అది వేరే సంగతి. వ్యయం లెక్క మాత్రం సిద్ధాంతి దగ్గరకంటే పక్కాగా ఉంటుంది.

ఈ హాలుకి ఎవరూ కావాలని రారు. మాల్‌లోనో, నాంపల్లి ఎగ్జిబిషన్‌లోనో, పెట్రోల్ బంకులోనో ఎవరో అమ్మాయి కూపన్ చేతిలో పెడితే, పాపం ఎండలో నిలబడిందని పేరూ ఫోన్ నంబరూ రాసి ఇస్తాం. వారం తిరక్కుండా ఫోనొస్తుంది. లక్కీ డ్రాలో మన కూపన్ గెలిచిందట. మన ఒక్కరిదే కాదు, ఆ రోజు రాసిన అందరివీ గెలిచాయని హాల్లోకి అడుగుపెట్టాక తెలుస్తుంది. మూడు పగళ్లు, రెండు రాత్రుల గిఫ్ట్ వోచరు. షరతులు రెండే: భార్యాభర్తలిద్దరూ రావాలి, క్రెడిట్ కార్డు వెంట ఉండాలి. శుభలేఖలో సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని వేసేవాళ్లు కూడా ఇంత పట్టుబట్టరు. మగాడు ఒంటరిగా వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతానండీ’ అంటాడు. ఆవిడ ఒక్కతే వస్తే ‘మావారితో మాట్లాడి చెబుతా’నంటుంది. ఈ దేశంలో ఎన్నో కొంపల్ని కాపాడిన వాక్యాలివి. రెండింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి నోరు మూయించడం ఈ వ్యాపారంలో మొదటి మెట్టు.

హాల్లో పాట హోరెత్తుతుంటుంది. పక్క బల్ల మీద ఏం బేరం నడుస్తోందో మనకి వినపడకూడదు. పది నిమిషాలకోసారి ఎవరో మైకులో ‘కొత్త మెంబర్లకు స్వాగతం’ అంటే సిబ్బందంతా చప్పట్లు కొడతారు. ఈలోగా కుర్రాడు తెల్ల కాగితం ముందుకు లాగుతాడు.

“పోయినేడాది టూర్‌కి ఎంతయింది సర్?”

“ఒక యాభై వేలు అయ్యుంటుందేమో.”

ఆ యాభై వేలూ అత్తమామల్ని తిరుపతి, అరుణాచలం తిప్పుకొచ్చిన ఖర్చని మేడమ్‌కి తెలుసు. ఆవిడా పైకి అనదు. కుర్రాడు దానికి ఏటా పది శాతం ధరల పెరుగుదల కలుపుతాడు. పాతికేళ్లకి గుణించి, కూడి, అడుగున రెండు గీతలు గీసి, కాగితం తిప్పి చూపిస్తాడు: నలభై తొమ్మిది లక్షలు!

“మీరు హోటళ్లకి పారబోయబోతున్న డబ్బు సర్ ఇది. మా దగ్గర నాలుగు లక్షలు. ఒక్కసారే. పాతికేళ్లు.”

మేడమ్ సర్ వైపు చూస్తుంది. ఆ నలభై తొమ్మిది లక్షలూ ఆయన అప్పటికే పేకాటలో తగలేసినట్టు చూస్తుంది.

నిజానికి ఆ కూడికలో తప్పేం లేదు. నేనూ వేసి చూశాను, సరిగ్గా అంతే వస్తుంది. చిత్రమేమిటంటే హోటళ్ల ధరల్ని ఏటా పది శాతం మింగే ఆ భూతం వీళ్ల రిసార్టు గేటు దగ్గరే ఆగిపోతుంది. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ రుసుము కాగితం మీద పెరగదు, అసలు కాగితం మీదికే రాదు. అదే నాలుగు లక్షల్ని ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసుకుంటే ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు. వార్షిక రుసుము ఇరవై వేలనుకుందాం. రెండూ కలిపితే నలభై ఎనిమిది వేలు. ఆరు రాత్రుల బసకి రాత్రికి ఎనిమిది వేలు పడింది. తిండి వేరు, ప్రయాణం వేరు, జీఎస్టీ వేరు. ఆ డబ్బుతో ఊటీలో నచ్చిన హోటల్‌కి నచ్చిన రోజు వెళ్లి, మేనేజరుని గద్దించి మరీ దిగొచ్చు. పైగా పాతికేళ్ల తర్వాత బ్యాంకు నాలుగు లక్షలూ వెనక్కిస్తుంది. క్లబ్బు శుభాకాంక్షలు చెబుతుంది. ఇక వాయిదాల మీద కొన్నవాడి లెక్క నేను వేయను, చూడలేం.

టైమ్‌షేర్ అనే ఈ ఆలోచన పుట్టిన చోట దీనికో అర్థముంది. ఫ్రాన్స్‌లో 1936లో కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టమైంది. 1956లో మూడు వారాలైంది, 1969లో నాలుగు. ఆగస్టు వచ్చిందంటే కార్ఖానాలు తాళం వేసుకుని సముద్రానికి పోయే జాతి అది. సెలవు తేదీ ముందే ఖాయమైనవాడికి గది కూడా ఖాయం చేసి అమ్ముదామని 1960ల్లో ఫ్రెంచి ఆల్ప్స్‌లోని ఒక స్కీయింగ్ రిసార్టులో మొదలుపెట్టారు. స్విట్జర్లాండ్‌లో 1963లో హపిమాగ్ అనే కంపెనీ వచ్చింది. ఏటా అదే కొండ చూసి విసుగెత్తినవాళ్లు వారాలు మార్చుకోవడానికి 1974లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఆర్సీఐ వెలిసింది. 1986లో చెన్నైలో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ ఆ సరుకుని మన దేశంలో పరిచాయి. వారాలు దిగుమతయ్యాయి గానీ, వాటితో పాటు రావాల్సిన సెలవులు ఓడలోనే ఉండిపోయాయి. ఇక్కడ సెలవు మేనేజరు దయ. ఆయన దయతలచిన వారం మేనత్త మనవరాలి పెళ్లి.

అన్నిటికంటే పెద్ద తిరకాసు ఏమిటంటే, సంతకం పెట్టేవాడూ సెలవుకి వెళ్లాల్సినవాడూ ఒకడు కాడు. పెట్టేవాడికి ముప్పై రెండేళ్లు. వెళ్లాల్సినవాళ్లు ముప్పై ఎనిమిదేళ్లవాడూ, నలభై ఏడేళ్లవాడూ, యాభై ఏడేళ్లవాడూ. వాళ్లెవరో ఇతనికి ముఖపరిచయమైనా లేదు. వాళ్ల మోకాళ్ల నొప్పుల గురించి, వాళ్ల పిల్లల ర్యాంకుల గురించి ఇతనికి బొత్తిగా తెలియదు. అయినా పాతికేళ్ల పాటు వాళ్ల తరఫున కొండెక్కడానికి ఒప్పుకుంటున్నాడు.

మొదటి రెండు మూడేళ్లు చంటిబిడ్డ. పళ్లొచ్చే వారం, ప్రాజెక్టు రిలీజయ్యే వారం, కొడైకెనాల్ వారం ఒకదాని మీదొకటి పడతాయి. ఏది వాయిదా పడుతుందో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బడి. సీజన్లకి రంగులుంటాయని అప్పుడు గుర్తొస్తుంది. ఖరీదైన రంగు కొనుక్కున్నవాడికి వేసవి, దసరా, క్రిస్మస్. చవక రంగు కొనుక్కున్నవాడికి పరీక్షలూ, వర్షాలూ. హాల్లో కుర్రాడు ‘అంతా ఫ్లెక్సిబుల్ సర్’ అన్నాడు, నిజమే. వంగాల్సింది మనం. సరే, అప్పు చేసి ఖరీదైన రంగే కొన్నాడనుకుందాం. దసరా సెలవులు తెలంగాణ మొత్తానికీ ఒకేసారి వస్తాయి. వేసవి సెలవులు రెండు రాష్ట్రాలకీ కలిసే వస్తాయి. మెంబర్లందరి పిల్లలూ ఒకే వారం ఖాళీ.

“వేసవిలో కూర్గ్ ఉందా అండీ?”

“సారీ సర్, ఫుల్.”

“ఊటీ?”

“ఫుల్ సర్. మున్నార్ కూడా ఫుల్. మే మూడో వారంలో జైసల్మేర్ ఉంది సర్, చేసేయమంటారా?”

రెంటచింతల ఎండకి తట్టుకోలేక పారిపోదామనుకున్నవాడికి థార్ ఎడారి ఇస్తానంటున్నారు! మూడు నెలల ముందు విడుదలైన తిరుమల మూడొందల రూపాయల టికెట్లు నిమిషాల్లో అయిపోతే మనం కిక్కురుమనం, అక్కడ ఉన్నది దేవుడు కాబట్టి. ఇక్కడ నాలుగు లక్షలు ముందే హుండీలో వేసి వచ్చాం. ఆ కసిలో ఏదైనా హోటల్ యాప్ తెరిచి చూడండి. అదే రిసార్టు, అదే తేదీ, మెంబరు కానివాడికి గది సిద్ధంగా ఉండటం కద్దు.

అయినా మధ్యతరగతివాడు డబ్బు ఊరికే పోనిస్తాడా? చవక రంగులో, జూలైలో, జోరువానలో మున్నార్ వెళతాడు. రైస్ కుక్కరూ, ఆవకాయ జాడీ, పప్పుల పొడీ డిక్కీలో ఉంటాయి, ఎందుకంటే రిసార్టు రెస్టారెంట్లో ఇడ్లీ ధర అతనికి తెలుసు. ‘గదిలోనే కిచెన్ ఉంటుంది మేడమ్’ అని ఆ రోజు హాల్లో కుర్రాడు మురిపెంగా చెప్పాడు. అవును, ఉంది. మేడమ్ అందులోనే ఉంది. హైదరాబాద్‌లో నాలుగు బర్నర్ల మీద వండేది, కేరళలో రెండింటి మీద వండుతోంది. సర్ బాల్కనీలో కూర్చుని, వాన తెర వెనక ఉండాల్సిన కొండవైపు చూస్తూ, రుసుము గిట్టుబాటైందని తృప్తిపడుతున్నాడు. ఆమె సెలవు గురించి ఏ రంగు కార్డులోనూ ఒక్క ముక్క లేదు.

పిల్లవాడు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదీ బంద్. పది, ఇంటర్, జేఈఈ, ఎప్‌సెట్. మన కార్పొరేట్ కాలేజీల్లో ఆదివారమే అనుమానాస్పదం, వారం రోజుల సెలవు మాట ఎత్తితే ప్రిన్సిపాల్ కౌన్సెలింగుకి పిలుస్తాడు. వాడని వారాలు పై ఏడాదికి జమ అవుతాయంటారు. అవుతాయి. కొన్నాళ్లకి గడువు తీరి చచ్చిపోతాయి. రుసుము మాత్రం చావదు.

సెలవు మీద మన మనసెక్కడుందో బాగా కనిపెట్టిన కంపెనీలు కొన్ని ఉన్నాయి. ముంబయిలో రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ అని ఒకటి, హాలిడే ప్లాన్ పేరుతో వాయిదాల్లో డబ్బు కట్టించుకుంది. హోటల్‌కి వెళితే గది ఇస్తాం, వెళ్లకపోతే గడువు తీరాక ఎక్కువ మొత్తం ఇస్తామంది. జనం ఎగబడి కట్టారు, ఎక్కువమంది వెళ్లకపోవడానికే కట్టారు. 2015లో సెబీ ఇది సెలవూ కాదు పాడూ కాదు, అనుమతి లేకుండా నడుపుతున్న సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, డబ్బు తిరిగిచ్చేయమంది. ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే లాభమొచ్చే విహారయాత్ర! ఈ దేశంలో ఇంతకుమించి అమ్ముడుపోయే ప్యాకేజీ మరొకటి లేదని పర్యాటక శాఖలు గమనించాలి.

మోసం కాని కంపెనీల సంగతికొస్తే, మన చట్టం వాళ్ల మంచితనం మీదే భారం వేసింది. యూరప్‌లో టైమ్‌షేర్ కొన్నవాడు పద్నాలుగు రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, ఆలోగా అడ్వాన్సు పుచ్చుకోవడమే నిషేధం. ఫ్లోరిడాలో పది రోజులిచ్చారు. జూదానికి పేరుపడ్డ నెవాడా కూడా ఐదు రోజులిచ్చింది. మనకి టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టమే లేదు. 2019 వినియోగదారుల చట్టం అన్యాయమైన ఒప్పందాల మీద కమిషన్‌కి వెళ్లొచ్చంటుంది. వెళ్లొచ్చు, ఆఫీసుకి సెలవు పెట్టి. ఈ మెంబర్‌షిప్ పుణ్యమా అని చాలామంది పెట్టిన సెలవులు అవే.

యాభై దాటాక అసలు సెలవు వస్తుంది, వీసా స్టాంపుతో. కూతురి పురుడు డాలస్‌లో. ఆరు నెలలు. అమ్మ కాయం, మిరియాల పొడి, పసిబిడ్డకి వెండి గిన్నె సర్దుకుని విమానమెక్కుతుంది. నాన్న ఇంటికి కాపలా. మళ్లీ శీతాకాలంలో కొడుకు వంతు, న్యూజెర్సీ. వృద్ధులైన తల్లిదండ్రుల్ని కొడుకులు నెలల చొప్పున వంతులేసుకోవడం మన పల్లెల్లో ఆల్ప్స్ రిసార్టులకి ముందునుంచీ ఉన్నదే. ఈ ఒక్క టైమ్‌షేరుకి మాత్రం పేటెంటు మనదే, ఇందులో ఆఫ్ సీజన్ లేదు.

ఆ అమెరికా కొడుకు తండ్రిని చూసైనా నేర్చుకున్నాడా? డిస్నీ టికెట్లు తక్కువకి వస్తాయంటే ఓర్లాండోలో తొంభై నిమిషాల ప్రెజెంటేషన్‌కి కూర్చున్నాడు. అక్కడ రద్దుకి పది రోజులుంటాయని ఇంటికొచ్చాక పదకొండో రోజున చదివాడు. తండ్రిది పాతికేళ్లకి తీరేదైనా, ఇతనిది దస్తావేజు రాసిచ్చిన శాశ్వత హక్కు. ఏటా డాలర్లలో రుసుము. అమ్ముదామని చూస్తే, ఈబేలో అలాంటివే ఒక్క డాలరుకి పెట్టినా అడిగే నాథుడు లేడు.

ఇక పంపకాలు. ఎదుటివాడు గట్టు జానెడు జరిపాడని హైకోర్టు దాకా వెళ్లే వంశంలో, ఇంటిముందు కొబ్బరిచెట్టు కాయల కోసం పదేళ్లు మాటలు మానేసిన అన్నదమ్ముల మధ్య, పెద్దాయన మిగిల్చిపోయిన వారాల కాగితం బల్ల మీదికొచ్చింది. రుసుము బాకీ నోటీసు దానికే పిన్ను చేసి ఉంది.

“పెద్దవాడివి, నాన్న గుర్తుగా నువ్వే ఉంచుకో అన్నయ్యా.”

“అదేంట్రా, చిన్నవాడివి, నీకే న్యాయం. కావాలంటే నా ఓర్లాండోది కూడా నీ పేరునే రాస్తాను.”