1472కి తొందరెక్కువ

బీదర్‌లో మాట్లాడటానికి వ్యాకరణం అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బజార్లో దక్కనీ, ఉద్గీర్ బస్సెక్కితే మరాఠీ. "భయ్యా, ఏక్ కిలో టమాటా కొడి, జర జల్దీ" అంటే అది ఏ భాషని కూరగాయలాయన అడగడు, తూకం వేస్తాడు. కంప్యూటర్ భాష పైథాన్‌కి ఆ ఓపిక లేదు. ఒక్క కోలన్ తగ్గితే ఎర్రక్షరాల్లో కసురుతుంది.

యాభై దాటిన నాకు దీన్ని నేర్పుతున్నది ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు. "మామా, ముందుగాల సరి, బేసి" అన్నాడు. రెండుతో భాగిస్తే శేషం సున్నా అయితే సరి సంఖ్య. ఇది మూడో తరగతిలోనే చెప్పారు, కాకపోతే అప్పుడు ల్యాప్‌టాప్ కొనమనలేదు. తర్వాత అంకెల మొత్తం. పదితో భాగిస్తే మిగిలేది చివరి అంకె. దాన్ని ఊడదీసి మొత్తానికి కలిపి, మిగిలిన సంఖ్యను మళ్ళీ పదితో భాగించాలి, ఏమీ మిగలనంతవరకూ. మన జీతాన్ని ఈఎంఐలు చేసేదీ ఇదే. ఆపైన ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యలు. 153లోని ఒకటి, అయిదు, మూడుల ఘనాలు కలిపితే మళ్ళీ 153. సంతోషం. కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు.

"ఇవి ఎందుకు పనికొస్తాయిరా?"

"ఇంటర్వ్యూల అడుగుతరు మామా."

"ఉద్యోగంలో?"

"ఆడ ఎవరూ అడగరు."

నన్నడిగితే మొదట నేర్పాల్సింది ఈ పనికిరాని లెక్కలే. జవాబు ఒప్పో తప్పో కాగితం మీద మనమే తేల్చుకోవచ్చు, మేనల్లుణ్ణి బతిమాలక్కర్లేదు. వీటిలో రాజు కాప్రేకర్ లెక్క. నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. ఆయన 1949లో ప్రకటించిన సంగతి ఇది: నాలుగూ ఒకే అంకె కాని ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. వచ్చినదానికీ అదే మర్యాద. ఏడు మెట్లు దాటకుండా 6174కి చేరి అక్కడే కూర్చుంటుంది.

ప్రోగ్రాం రాశాక మా ఊరి చరిత్రంతా అందులో పోశాను. హైదరాబాద్ రాష్ట్రం చీలి మేం మైసూరులో కలిసిన 1956కి మూడు మెట్లు. పోలీసు చర్య జరిగిన 1948కి రెండు. దొంగ ఉత్తరాన్ని నమ్మి బహమనీ సుల్తాను తన మంత్రి మహమూద్ గవాన్‌ను చంపించిన 1481కి ఆరు. అన్యాయానికి ఆమాత్రం తిరుగుడు తప్పదు. ఇక ఆ గవాన్ మదరసా కట్టించిన 1472? 7421లోంచి 1247 తీస్తే సరిగ్గా 6174. ఒకటే మెట్టు!

ఎగిరి గంతేసి మా ఆవిడకు చెప్పాను. "కొత్త స్కూటరుకి ఆ నంబరు దొరుకుతుందేమో కనుక్కోండి" అంది.

మేనల్లుడు వచ్చి 1111 వేశాడు. సున్నా, మళ్ళీ సున్నా, 6174 జాడ లేదు, ప్రోగ్రాం ఆగదు, ల్యాప్‌టాప్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గురువన్నాక శిష్యుడి ఆనందం చూసి ఊరుకుంటాడా!

మీరూ పుట్టిన సంవత్సరం వేసి చూడండి, పెన్సిలు చాలు. మధ్యలో మూడంకెలే వస్తే ముందొక సున్నా చేర్చుకోండి.