కొండలు గీయాలంటే టూలు వెతకొద్దు

హైట్ మ్యాప్ (ఎత్తుల బొమ్మ) నుంచి వాక్సెల్ నేలను గీసే ఓపెన్ సోర్స్ టూల్ ఏదైనా చెప్పమని అడిగేవాళ్లకు నా సలహా ఒక్కటే: వెతకడం మానేయండి. లోకం చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు. స్టార్లు ఎన్నున్నాయి, కోడ్ చివరిసారి ఎప్పుడు మారింది, స్క్రీన్‌షాట్లు ఎంత బాగున్నాయి అని చూసి ఎంచుకోమంటారు అందరూ. మీరు మాత్రం ఒకసారి కూర్చుంటే మొత్తం చదివేయగలిగిన కోడ్‌నే పట్టుకోండి. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా ఫర్వాలేదు.

ఆ లెక్కన ముందు దించుకోవలసింది గిట్‌హబ్‌లో ఉన్న ‘వాక్సెల్‌స్పేస్’. 1992లో నోవాలాజిక్ వాళ్లు తెచ్చిన కమాంచీ అనే హెలికాప్టర్ ఆటలోని పద్ధతిని అందులో ఇరవై లైన్లలోపే చూపించారు. ఆ రోజుల్లో ఇళ్లలోని పీసీలకు త్రీడీ గ్రాఫిక్స్ కార్డుల్లేవు. కాబట్టి మీరూ కార్డు జోలికి పోవద్దు, అంతా ప్రాసెసర్ మీదే గీయించండి. నెమ్మదిగా నడిస్తే మరీ మంచిది. ఏ గీత ఎప్పుడు పడుతోందో కంటికి ఆనుతుంది.

పద్ధతి ఇదీ. రెండు బొమ్మలుంటాయి, ఒకటి ఎత్తులది, ఒకటి రంగులది, ఒక్కోటీ 1024×1024 పిక్సెళ్లు. చూసేవాడి దగ్గర మొదలుపెట్టి దూరానికి పోతూ మ్యాప్ మీద అడ్డంగా ఒక్కో గీత తీసుకుంటారు. ఆ గీతలో ప్రతి చుక్క ఎత్తుకూ కెమెరా ఎత్తుకూ ఉన్న తేడాను దూరంతో భాగిస్తే అది తెర మీద ఎక్కడ పడాలో తెలుస్తుంది. అక్కణ్నుంచి కిందికి నిలువుగా రంగు దించుతారు. తెరలోని ఒక్కో నిలువు వరుసలో ఇప్పటిదాకా ఎంత పైకి గీశామో రాసిపెట్టుకుంటారు. వెనకనుంచి వచ్చే కొండ ఆ హద్దు దాటి లేస్తే, దాటినంత మేరే గీస్తారు. దాటకపోతే అది ముందున్న కొండ చాటున ఉన్నట్టే. ఒక్క నిలువు వరుసకైనా ఈ లెక్కను పెన్సిల్‌తో కాగితం మీద చేసి చూడందే కంప్యూటర్ తెరవకండి.

ఇవి అసలు వాక్సెళ్లే, అంటే త్రీడీ పిక్సెళ్లే, కావని కొందరంటారు. నిజమే, ఇక్కడ ఒక్కో చోటుకు ఒక్క ఎత్తే ఉంటుంది. బెలుం గుహలు ఇందులోకి రావు. కానీ ఆ గుహలు హైట్ మ్యాప్‌లోనే లేవు, ఇక టూల్ మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది? గుహలే కావాలంటే గోడో ఇంజిన్‌కు వాక్సెల్ మాడ్యూల్ ఉంది, 2024 దాకా మైన్‌టెస్ట్ అని పిలిచిన లువాంటి ఉంది. రెండూ మంచివే. అయినా మొదట వాటి దగ్గరికి పోవద్దని గట్టిగా చెబుతాను. అక్కడ మీకు మెనూలు వస్తాయి, కొండ ఎలా తయారైందో తెలీదు. మాజికావాక్సెల్ ఉచితంగా దొరుకుతుంది గానీ ఓపెన్ సోర్స్ కాదు, దాన్ని ఈ వరసలో కలపకండి.

వాక్సెల్‌స్పేస్ కోడ్‌కు ఎంఐటీ లైసెన్స్ ఉంది. దాంతో వచ్చే మ్యాపులు మాత్రం ఆటలోంచి తీసినవి, వాటికి ఆ లైసెన్స్ వర్తించదు. వాటిని పక్కన పడేసి మీ జిల్లా కొండల్ని తెచ్చుకోండి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు, అంటే ఎస్‌ఆర్‌టీఎం టైళ్లు, ఉచితం. మన కార్టోశాట్-1 ఉపగ్రహం కొలతలు హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్ సైటులో దొరుకుతాయి. పాపికొండలు కావాలంటే ఎస్‌ఆర్‌టీఎంలో ఎన్17ఈ081 టైలు తీసుకోండి. సుమారు 30 మీటర్లకో కొలత, మొత్తం 3601×3601, ఒక్కో కొలతకు రెండు బైట్లు.

ఆ ఫైలును జీడాల్ అనే టూల్ ఒక్క కమాండుతో బొమ్మగా మార్చేస్తుంది. మొదటి టైలుకు అది వాడొద్దు, బైట్లు మీరే చదవండి. ఇందులో పెద్ద బైటు ముందుంటుంది. తిరగేసి చదివారంటే 300 మీటర్ల గుట్ట 11,265 మీటర్లకు లేచి ఎవరెస్టును మించిపోతుంది. గోదావరి ఒడ్డున సూదుల్లాంటి శిఖరాలు ఒక్కసారి చూశారంటే బైట్ల వరస ఇక జన్మలో మరచిపోరు. -32768 కనబడితే అది లోయ అనుకోకండి, అక్కడ కొలత లేదని అర్థం.

ఆట మ్యాపుల్లో ఎత్తుకు ఒకటే బైటు, అంటే 256 మెట్లు. పాడేరు వైపు 1,600 మీటర్లు దాటే కొండల్ని అందులో ఇరికిస్తే ఒక్కో మెట్టూ 6 మీటర్ల పైనే ఉంటుంది. బ్లర్ కొట్టి నునుపు చేయమంటారు చాలామంది. చేయొద్దు, ఆ బ్లర్ లోయ అంచుల్ని కూడా తినేస్తుంది. రెండు బైట్లూ అలాగే ఉంచి కోడే మార్చండి. ఇరవై లైన్లే కదా, ఏ లైను మార్చాలో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది.

కొండ తెర మీద నిలబడ్డాక మీ కోడ్ బయటపెట్టండి. ఏ టైలు వాడారో రాయండి, లైసెన్స్ ఫైలు జోడించడం మాత్రం మరవొద్దు. అది లేకుండా పెట్టిన కోడ్ అందరికీ కనబడుతుంది గానీ, మార్చి పంచుకునే హక్కు ఎవరికీ రాదు.