మీ బాబుకి సీటు బ్లాక్ చేశాం సార్

మావాడు పుట్టినప్పుడు కూడా నాకిన్ని ఫోన్లు రాలేదు. పొద్దున్నే పాలపాకెట్టు కత్తిరిస్తుంటే ఒకటి, బండి మీద బెంజి సర్కిల్ దగ్గర ఆగితే ఒకటి, అన్నంలో పప్పు కలుపుకుంటుంటే ఒకటి. "నమస్తే సార్. బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ కదా సార్?" మావాడిది ఏ సెక్షనో నాకే సరిగ్గా తెలీదు. వాళ్లకి తెలుసు.

ఇంటర్ సెకండియర్ పిల్లాడున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కేబుల్ కట్, పెళ్లిళ్లు కట్, గట్టిగా తుమ్మడం కట్. వాడు పొద్దున ఆరున్నరకి కాలేజీ బస్సెక్కితే రాత్రి ఎనిమిదిన్నరకి దిగుతాడు. వాడికి ఫోను లేదు. కాబట్టి వాడి ఓటీపీలూ, వాడి హాల్ టికెట్లూ, వాడి కోసం కాచుక్కూర్చున్న యూనివర్సిటీలూ అన్నీ నా నెత్తిమీదే.

నా నెంబరు వీళ్లకెవరిచ్చారు? కాలేజీలో అడిగితే "మేం ఎవరికీ ఇవ్వం సార్" అన్నారు, నేనేదో కిడ్నీ అడిగినట్టు మొహం పెట్టి. ఆ మధ్య ఎవరో ఉచితంగా స్కాలర్‌షిప్ టెస్టు పెట్టి, ఫారం నింపిన ప్రతివాడికీ ఒక పరీక్ష అట్ట, ఒక పెన్నూ ఇచ్చారు. మా ఆవిడ మురిసిపోయింది. ఆ అట్ట ఖరీదు నాకిప్పుడు తెలుస్తోంది.

"బాబుకి సీటు బ్లాక్ చేశాం సార్. నెలాఖర్లోగా పాతికవేలు కడితే చాలు."

"ఇంకా ఏప్రిల్లో రెండో జేఈఈ ఉందండీ. మేలో ఎంసెట్ ఉంది."

"అందుకే సార్. అవి రాసేశాక సీట్లుండవు."

ప్రైవేటు కాలేజీల్లో నూటికి డెబ్భై సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకుల ప్రకారం నిండాల్సినవే కదా అని గుర్తుచేస్తే, "మాది యూనివర్సిటీ సార్, మా పరీక్ష మాదే" అంటాడు. "ఆ పరీక్షెప్పుడు?" అంటే "మీకెప్పుడు వీలైతే అప్పుడు సార్" అంటాడు. నిజం చెప్పొద్దూ, ఈ ముక్క వినగానే ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ప్రశ్న, "జేఈఈలో ఎంతొచ్చింది సార్?" ఇక్కడ మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంటుంది: "తొంభై ఏడు పాయింట్ నాలుగు మూడు ఎనిమిది రెండు ఏడు ఒకటి ఆరు." అవతలివాడు అది ఫోన్ నెంబరనుకుని రాసుకున్నా ఆశ్చర్యం లేదు.

ఈ పర్సంటైల్ గురించి గుడివాడలో ఉండే మా బావగారికి ఒక ఆదివారమంతా చెప్పాను. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. లెక్కంటే చిల్లరతో సహా తేలాలి ఆయనకి.

"ఏవోయ్, నూటికి తొంభై ఏడొచ్చాయా! ఇంకేం, ఐఐటీయే."

"మార్కులు కావు బావగారూ. మూడొందలకి సగం రాకపోయినా ఈ అంకె రావచ్చు. నూరుమందిలో తొంభై ఏడుగురు వాడికంటే వెనకున్నారని అర్థం."

"అంటే ముందున్నది ముగ్గురేగా? ఇన్ని ఐఐటీలున్నాయి, నాలుగో సీటు లేకపోతుందా?"

2025 జనవరి విడత రాసినవాళ్లు పన్నెండున్నర లక్షల పైమాటేననీ, ఆ లెక్కన వాడి ముందు ముప్ఫై రెండు వేల మంది ఉన్నారనీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. అంతమందిని ఆయన సర్వీసులో ఏ పుష్కరాలకీ ఎక్కించి ఉండరు. తర్వాత అసలు ప్రశ్న వేశారు: "చుక్క తర్వాత ఆ చిల్లరేమిటోయ్?"

ఒకే అంకె దగ్గర జనం గుమిగూడకుండా ఏడు దశాంశాల దాకా లెక్కకట్టారని చెప్పాను. ఆయన కాగితం, పెన్సిలు తెప్పించారు. పన్నెండున్నర లక్షల మందిలో ఒక శాతమంటే పన్నెండున్నర వేల మంది. చుక్క తర్వాత మొదటి అంకెలో ఒకటంటే పన్నెండొందల యాభై మంది. రెండోది నూట పాతిక. మూడోది పన్నెండున్నర మంది. అక్కడ ఆయన పెన్సిలు ఆగింది. "అర మనిషికి టిక్కెట్టు కొట్టడం మా సర్వీసులోనే ఉందనుకున్నా, ఇక్కడా ఉందన్నమాట" అని మళ్లీ సాగించారు. నాలుగోది ఒకటింబావు మనిషి. ఆపైన మనిషి అయిపోయాడు, ముక్కలు మొదలయ్యాయి. ఏడో అంకె దగ్గరికొచ్చేసరికి ఒక్కోటీ మనిషిలో ఎనిమిదొందల వంతుల్లో ఒకటి తేలింది. అరవై నాలుగు కిలోల మనిషైతే ఎనభై గ్రాములు. మావాడి చివరి అంకె ఆరు కాబట్టి నాలుగొందల ఎనభై గ్రాములు. అంటే దాదాపు అరకిలో విద్యార్థిని మావాడు అదనంగా దాటాడన్నమాట. మా అక్కయ్య కాఫీ తెచ్చి, ఈ లెక్క విని, గ్లాసులు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

బావగారు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అంతా బానే ఉంది, ఇంతకీ పాసయ్యాడా?" అన్నారు.

మళ్లీ ఫోన్ల దగ్గరికొస్తాను. వీళ్లు బ్రాంచీలు చదివే తీరు ఒకటుంది. "సీఎస్ఈ ఉంది సార్, సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ ఉంది, సీఎస్ఈ డేటా సైన్స్, సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ, సీఎస్ఈ ఐఓటీ..." మొన్న రాత్రి తొమ్మిదింటికి ఒకాయన ఇలాగే మొదలెట్టాడు. వినీ వినీ ఒళ్లుమండి, "సివిల్ లేదా?" అన్నాను, ఆయన నోరు మూయించడానికే.

మూసుకుంది. కాసేపటికి, "ఉండేది సార్. నేను సివిలే" అన్నాడు.

ఎంటెక్ స్ట్రక్చర్స్ చేశాడట. అదే కాలేజీలో పాఠాలు చెప్పేవాడట. చేరేవాళ్లు తగ్గి బ్రాంచి ఎత్తేశాక, చేతికి నెంబర్ల కాగితం, ఒక టార్గెటూ ఇచ్చారట. అన్ని అడ్మిషన్లు తెస్తేనే పూర్తి జీతం. "నాకు 2008 ఎంసెట్లో నాలుగువేల ర్యాంకు సార్" అన్నాడు. అంతసేపూ మెల్లగా పలికిన గొంతు అక్కడొక్కచోట లేచింది.

ఏమనాలో తోచలేదు. 2008లో ఆయన కోసం కూడా ఏదో ఇంట్లో టీవీ కట్టేసుంటారు, తుమ్ములాపుకునుంటారు. పక్క గదిలో మావాడు గ్రాండ్ టెస్టు తప్పులు దిద్దుకుంటున్నాడు. వాడి ఏడు దశాంశాలూ వాడికి ఎన్నేళ్లు గుర్తుంటాయో, ఎవరికి ఏ రాత్రి చెప్పుకుంటాడో అనిపించింది. ఆయన చివర్లో, "తెలిసిన పిల్లలెవరైనా ఉంటే నెంబర్లు పంపండి సార్" అన్నాడు. పంపలేదు. విసుక్కోనూ లేదు.

కాబట్టి వచ్చే ఏడాది ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు కాబోయేవారికి మనవి. ఫోన్ చేసేవాణ్ణి తిట్టకండి, వాడూ ఒకప్పటి ర్యాంకరే. ఉచిత టెస్టు ఫారంలో మాత్రం మీ నెంబరు రాయకండి. మా అమ్మాయి టెన్త్‌లో ఉండగానే మళ్లీ పరీక్ష అట్ట ఇస్తామని వచ్చారు. నేను నింపిన ఫారంలో మా బావగారి నెంబరుంది. రిటైరయ్యాక ఆయనకీ పొద్దుపోవడం లేదు, పర్సంటైల్ లెక్క ఎవరికైనా చెప్పాలని ఉబలాటపడుతున్నారు కూడా.