ఇవ్వబడును: టీకా తాత్పర్య సహితం

మూలం

"ఇచ్చట ప్రాజెక్టు రికార్డులు తక్కువ ధరలకు చేసి ఇవ్వబడును."

అవతారిక

కాలేజీ గేటుకు ఎదురుగా ఉండే జిరాక్స్ అంగడి గోడ మీది శాసనమిది. లిపి ఆయిల్ పెయింటు. కాలం తేల్చలేం గానీ, పరీక్షల ముందు మాత్రం కొత్త రంగు పూసుకుంటుంది. ప్రొద్దుటూరు ప్రతిని ఆధారంగా తీసుకున్నాం. జమ్మలమడుగు ప్రతిలో "ప్రాజక్టు" అని ఉంది, లేఖక దోషం. పులివెందుల ప్రతిలో "తక్కువ ధరలకు" అన్న మాటే లేదు. అది ప్రక్షిప్తమని కొందరు, అక్కడ బేరం గట్టిదని కొందరు.

ప్రతిపదార్థం

ఇచ్చట = ఈ అంగట్లో (కాలేజీలో కాదని ధ్వని); ప్రాజెక్టు రికార్డులు = విద్యార్థి తన బుర్రతో చేయవలసినవి; తక్కువ ధరలకు = స్పైరల్ బైండింగుతో కలిపి; చేసి = పోయినేడు చేసినదానికి అట్ట మార్చి; ఇవ్వబడును = ఇస్తారు.

టీక

"బడు" దగ్గర ఆగాలి. ఇంట్లో ఎవరమూ "నాచేత సంగటి తినబడెను" అనం, తిన్నానంటాం. కర్మణి వాక్యం బోర్డుల మీద, సర్కారు కాగితాల మీద బతుకుతుంది. అక్కడైనా కర్త "చేత" పట్టుకుని ఓ మూల నిలబడాలి. మన మూలంలో ఆ "చేత" కూడా లేదు. ఎవరిచేత? అంగడాయన చేతనా? ఆయన నొక్కింది కంట్రోల్ సీ, కంట్రోల్ వీ. విద్యార్థి చేతనా? అయితే అంగడెందుకు? చేసినవాడు చదువు ముగించుకొని బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాడికీ సంగతే తెలియదు. కర్త లోపించాడని వ్యాకరణం అంటుంది. ప్లేజరిజం అని యూజీసీ 2018 నిబంధనలు అంటాయి.

థీసిస్‌కు అవి చెప్పే లెక్క ఇది. పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు. 40 దాకా పోతే ఆరు నెలల్లోగా దిద్ది ఇవ్వాలి. 60 దాకా పోతే ఏడాది ఆగాలి. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 పదాల వరకు కలిస్తే యాదృచ్ఛికమని వదిలేస్తారు. వేమన ఆటవెలది ఒకటి ఇంచుమించు ఆ లెక్కలోనే ఇమిడిపోతుంది.

శంక: వేమనకు కాపీరైటు ఎక్కడిది?

సమాధానం: లేదు. 1957 చట్టం రచయిత పోయాక 60 ఏళ్లే కాపలా కాస్తుంది. ప్రొద్దుటూరు పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో పోయారు కాబట్టి ఆయన "శివతాండవం"కు 2050 చివరిదాకా కాపలా ఉంది. వేమనను ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కింద సొంత పేరు పెట్టుకుంటే మాత్రం దొంగతనమే. కాపీరైటు ఆస్తి తగువు, గ్రంథచౌర్యం పేరు తగువు. వేమన దగ్గర దొంగతనమే తలకిందులైంది. తాము కట్టిన పద్యానికి ఆయన మకుటం తగిలించి సొంత పేరు వదులుకున్నవాళ్లు ఎందరో! బ్రౌను దొర 1829లో ఆ పద్యాలు అచ్చేసే నాటికే ఏది ఎవరిదో తేల్చడం కష్టం. మన తాళ్లపాక అన్నమయ్య అంత ఉదారుడు కాడు. తన పాటలకు నకలు కట్టేవాళ్లను ఏకంగా ఒక సంకీర్తనలోనే కడిగేశాడు.

శంక: అయ్యవారు క్లాసులో జిరాక్సులు పంచవచ్చా?

సమాధానం: పాఠం కోసమైతే పంచవచ్చు, ఆ కాపీరైటు చట్టంలోనే 52వ సెక్షను ఒప్పుకుంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ అంగడి మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు కేసు వేస్తే 2016లో హైకోర్టు అంగడి పక్షానే తీర్పు చెప్పింది. అది విని మన అంగడాయన మీసం దువ్వితే పొరపాటు. అక్కడ నకలు తీసింది చదువుకోవడానికి, పేరు మార్చుకోవడానికి కాదు. ఎవరిదో స్లైడు తెచ్చి, మూలనున్న పేరు చెరిపి పాఠం చెప్పే అయ్యవారికీ ఆ సెక్షను గొడుగు పట్టదు.

ప్రత్యుదాహరణ: పుట్టపర్తి వారు చిన్ననాట రాసిన "పెనుగొండ లక్ష్మి", ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చునే నాటికి పాఠ్యపుస్తకమై కూర్చుంది. తన పుస్తకం మీద తానే జవాబు రాసిన విద్యార్థి! ఈయన్ను కాపీ కొట్టాడని ఏ ఇన్విజిలేటరు పట్టుకోగలడు?

తాత్పర్యం

డబ్బిచ్చినవారి పేరు ఇంకొకరి పనికి అతికించబడును.

ఆశ్వాసాంత గద్య

పూర్వం కవి ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో తన పేరు, తండ్రి పేరు గుచ్చి పెట్టేవాడు. తాటాకు మీద నకలు రాసేవాడు ఎన్ని తప్పులు రాసినా ఆ గద్యనూ రాసేవాడు. అప్పటి కాపీరైటు పుట అదే. అంగడి రికార్డుల్లోనూ ఆ సంప్రదాయం పొరపాటున బతికుంది. ఒక వైవాలో చూశాను. అట్ట మీద పేరు మారింది, సర్టిఫికెట్‌లో మారింది. కృతజ్ఞతల పుటలో మాత్రం పోయినేటి పిల్లోడు "నన్ను చదివించిన మా అన్నకు" అని రాసుకున్నది అట్లే ఉంది.

"మీయన్న ఏం చేచ్చాడబ్బీ?" అన్నాడు ఎగ్జామినరు.

"నాకు అన్న లేడు సార్. ఇద్దరూ అక్కలే."