తిమింగలం లేని మోబీ డిక్

ఆగస్టు వచ్చిందంటే అమెరికా కాలేజీల ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లలో సిలబస్ వంటలు మొదలవుతాయి. ఆ పొయ్యి దగ్గర నేనూ ఒక చేయి వేస్తాను. 1620లో మేఫ్లవర్ ఓడ దిగినవాళ్ల దగ్గర్నుంచి 1865లో అంతర్యుద్ధం ముగిసేదాకా ఉన్న సాహిత్యమంతా పదిహేను వారాల్లో చెప్పేయాలి. దీని పక్కన పెడితే మన కట్టె-కొట్టె-తెచ్చె రామాయణం కూడా చాలా సాగదీసినట్టే ఉంటుంది.

ఎలా వండుతామో చెబుతాను, ఎవరితోనూ అనకండి. ముందు తెరిచేది పుస్తకం కాదు, క్యాలెండర్. లేబర్ డే, థాంక్స్‌గివింగ్ సెలవులు కొట్టేసి, మిగిలిన గళ్లలో రచయితల్ని కుక్కుతాం. ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌కి అరగంట. ఎమర్సన్, థోరో ఎలాగూ ఒకే ఊరివాళ్లు, ఒకే పూటలో కానిచ్చేయొచ్చు. ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాసింది, మేం ఆరు పెడతాం. పైగా ఆవిడ 1886 దాకా బతికి మాకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. రెండో సెమిస్టర్ మాస్టారు చెబుతాడులే అని నేను, నేను చెప్పేశానని ఆయన. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న ఆత్మకథ మాత్రం పూర్తిగా నిలిచింది. ఎందుకంటారా? సన్నగా ఉంది గనుక!

ఇక మెల్‌విల్ నవల మోబీ డిక్. 135 అధ్యాయాలు, నాకు దొరికినవి రెండు క్లాసులు. అందులో మెల్‌విల్ తిమింగలాలను పుస్తకాల సైజుల ప్రకారం వర్గాలు చేశాడు. మేం పుస్తకాలను చేపల్లా తూస్తాం: పెద్దదైతే ముక్కలు కొట్టు, చిన్నదైతే అలాగే వెయ్యి. కిందటేడు నా ముక్కలు 42వ అధ్యాయంతో ఆగాయి. అది తిమింగలం తెల్లదనం గురించి. అసలు తిమింగలం కంటికి కనిపించేది ఆఖరి మూడు అధ్యాయాల్లోనే. పిల్లలు తెల్లదనం వరకూ చదివి, టర్కీ కోడి తినడానికి ఇళ్లకు పోయారు. తిరిగొచ్చి ‘తిమింగలం ప్రతీకాత్మకత’ మీద తలా అయిదు పేజీలు రాశారు. పెళ్లికొడుకు మొహం చూడకుండా విందు మాత్రం ఆరగించి, జంట చూడముచ్చటగా ఉందని మెచ్చుకున్నట్టు. మార్కులు బాగానే వేశాను. వెయ్యక ఏం చేస్తాను, ప్లాను నాది.

వారం వారం ఆన్‌లైన్ చర్చ కూడా ఉంది. ఒక్కొక్కరు 250 మాటలు రాసి, ఇద్దరు తోటివాళ్లకు జవాబివ్వాలి. గడువు ఆదివారం అర్ధరాత్రి. పదకొండున్నరకి వానలా కురుస్తాయి: “చాలా బాగా చెప్పావు”, “నీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను”. (మన పుస్తకావిష్కరణ సభలకు ఇంతకన్నా మంచి తర్ఫీదు లేదు.)

మెల్‌విల్‌దే 1853 నాటి ‘బార్టిల్‌బీ’ మాత్రం ఏ ఏడూ జారిపోదు. పొట్టి కథ కదా. వాల్ స్ట్రీట్ ఆఫీసులో ఒక గుమాస్తా ఏ పని చెప్పినా మర్యాదగా వద్దంటాడు, అంతే. దాని మీద వ్యాసం రాయమంటే ఒక కుర్రాడు రాయలేదు. పిలిచి అడిగాను. వినయంగా నవ్వి, రాయాలని లేదన్నాడు. క్లాసు మొత్తంలో కథ వంటబట్టింది ఇతనికేనేమో అనిపించింది. సిలబస్ తీసి చూసుకున్నాను. ఆలస్యానికి రోజుకు పది శాతం కోత అని ఉంది. పదో రోజున సున్నా వేశాను.