ఎమ్మూ ఎల్లూ ఎక్సెల్లూ

ఇప్పటి కుర్రాళ్ళు లెదర్ జాకెట్‌ను అద్దం ముందు నిలబడి తొడుక్కుని చూసుకుంటున్నారు. మా రోజుల్లో బండి మీద కూర్చుని చూసుకునేవాళ్ళం. అసలు తేడా అంతా ఇంతే. మిగతాదంతా నా సణుగుడు.

నిలబడ్డ మనిషి వేరు, హ్యాండిల్ పట్టుకున్న మనిషి వేరు. చేతులు ముందుకు చాచగానే వీపు వెడల్పవుతుంది, భుజాల మధ్య తోలు చాలక పట్టేస్తుంది. చెయ్యి పొట్టయిపోయి మణికట్టు బయటపడుతుంది. పొట్ట దగ్గర తోలు మడతపడి కాలర్‌ను గడ్డం కిందికి నెడుతుంది. వెనక అంచు పైకి లేచి నడుముకి చలిగాలి కొడుతుంది. అందుకే బండి జాకెట్ ముందు పొట్టిగా, వెనక కాస్త పొడుగ్గా ఉండాలి. చెయ్యి నిలబడ్డప్పుడు బొటనవేలి మొదలు దాకా దిగాలి. అప్పుడే కూర్చున్నాక మణికట్టు దగ్గర ఆగుతుంది. నిలబడి చూస్తే అలాంటి జాకెట్ వికారంగానే కనిపిస్తుంది. కనిపించనీ. బండి జాకెట్ పెళ్ళి విందులో నిలబడ్డానికి కాదు కదా.

1928లో న్యూయార్క్‌లో అర్వింగ్ షాట్ అనే ఆయన ‘పర్ఫెక్టో’ జాకెట్ తయారుచేసి, అయిదున్నర డాలర్లకు హార్లీ డేవిడ్సన్ బళ్ళమ్మే దుకాణం ద్వారా అమ్మించాడు. ఆ జాకెట్‌కి జిప్పు ఏటవాలుగా ఉంటుంది. ముందుకు వంగినప్పుడు అలాంటి జిప్పు పొట్టలో గుచ్చుకోదు, ఒక పొర మీద ఇంకో పొర పడుతుంది కాబట్టి గాలి లోపలికి దూరదు. 1953లో ‘ది వైల్డ్ వన్’ సినిమాలో మార్లన్ బ్రాండో అలాంటిదే తొడుక్కున్నాక ఊరూరా ఏటవాలు జిప్పు సోకైపోయింది. ఎందుకు పెట్టారో అడిగినవాడు లేడు. మా మనవణ్ణి అడిగాను. “స్టైల్, తాతా” అన్నాడు.

ఇక నా సంగతి. మాది కోల్‌కతాలో గార్డెన్ రీచ్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడా ఖరగ్‌పూర్‌లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదొకటి. 1955లో ఆ రైల్వే సౌత్ ఈస్టర్న్ అయింది, ఆఫీసు మాత్రం ఇక్కడే హుగ్లీ ఒడ్డున ఉండిపోయింది. నేనూ అందులోనే పనిచేసి రిటైరయ్యాను. మా చెల్లెలిది ఖరగ్‌పూర్. రైల్లో హౌరా నుంచి 115 కిలోమీటర్లు. రైల్వే ఉద్యోగి అయ్యుండి రైలెక్కకుండా బుల్లెట్ మీద వెళ్ళే నన్ను చూసి మా బావగారు నవ్వేవారు. 1992లో విద్యాసాగర్ సేతు తెరిచేదాకా హౌరా బ్రిడ్జి మీదుగా చుట్టు తిరిగే వెళ్ళాలి. జనవరిలో తెల్లవారుజామున కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది వంతెన దాటేటప్పుడు పొగమంచు కళ్ళజోడు మీద నీళ్ళై కారేది. కోల్‌కతాలో లెదర్ జాకెట్ ఎందుకయ్యా అని అడిగేవాళ్ళని ఆ వంతెన మీదికి ఆ వేళప్పుడు రమ్మంటాను.

అప్పట్లో జాకెట్ సంపాదించడానికి రెండు దారులుండేవి. ఒకటి ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్. రేవు పక్కనే కాబట్టి ఓడల మీద వచ్చిన విదేశీ సరుకు అక్కడ దొరికేది. మా సెక్షన్‌లో ఒకాయన అక్కడ మంచి జాకెట్ బేరమాడి తెచ్చాడు. ఛాతీ సరిపోయింది, చేతులు మాత్రం వేళ్ళు దాటి వేలాడాయి. ఏ ఆరడుగుల దొరకి కుట్టారో మరి. కింద నుంచి కత్తిరించి పొట్టి చేస్తే సరిపోతుందనుకున్నాడాయన. అలా చేస్తే మణికట్టు దగ్గరి జిప్పు పోతుంది. అంతకన్నా ముఖ్యం, మోచెయ్యి కోసం వంపు తిప్పి కుట్టిన చోటు ముంజేతి మీదే ఉండిపోతుంది. తెలిసిన దర్జీ కింద ముట్టుకోడు. భుజం దగ్గర కుట్టు విప్పి, చెయ్యి మొత్తాన్ని పైకి జరిపి, మళ్ళీ కుడతాడు. ఆయన జాకెట్‌కి అలాగే చేశారు. కూలి జాకెట్ ధరలో సగమైంది.

రెండో దారి, కుట్టించుకోవడం. మా పక్కనే మెటియాబ్రూజ్. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి కాపురం పెట్టిన చోటు. ఆయన వెంట వంటవాళ్ళు, పాటగాళ్ళతో పాటు దర్జీలూ వచ్చారు. నవాబు పోయినా సూదీ దారం పోలేదు. ఇప్పటికీ అదంతా కుట్టుపని పేటే, దర్జీ పెద్దలను ఓస్తాగర్ అంటారు. నా పెళ్ళి సూటు అక్కడే కుట్టించాను. కానీ తోలు అనగానే మా ఓస్తాగర్ చేతులు జోడించి, “అది తోప్సియా వాళ్ళ పని, బాబూ” అని పంపేశాడు. తనకి రాని పని రాదని చెప్పే దర్జీ ఇప్పుడు ఎక్కడున్నాడు?

తోప్సియా, తిల్జలా సందుల్లో తోలు పని చేసే మాస్టర్లుండేవారు. నాకు కుట్టిన మాస్టరు మొదట అడిగిన మాట, “బండి తెచ్చావా?” సందులోనే స్టాండు వేయించి, నన్ను ఎక్కించి, హ్యాండిల్ పట్టుకోమని అప్పుడు టేపు తీశాడు. వీపు కొలత చేతులు ముందుకు చాపించి తీసుకున్నాడు. చెయ్యి కొలత మోచెయ్యి వంచి, భుజం నుంచి మోచేతి మీదుగా మణికట్టు దాకా. ఛాతీ స్వెటర్ వేయించి, ఊపిరి నిండా పీల్పించి. పొట్ట మాత్రం కూర్చున్నప్పటిది. పొట్ట లోపలికి లాక్కుంటే టేపు వదిలేసి అటు చూస్తూ నించునేవాడు. ఎంతసేపు బిగబడతావో నేనూ చూస్తాను అన్నట్టు!

తర్వాత తోలు ముట్టుకున్నాడా? లేదు. ముందు కోరా గుడ్డతో నమూనా జాకెట్ కుట్టి, దాన్ని తొడిగించి మళ్ళీ బండి ఎక్కించాడు. తోలుకి సూది గుచ్చితే ఆ రంధ్రం పూడదు. గుడ్డయితే విప్పి వదులు చేసుకోవచ్చు, తోలు విప్పితే పాత రంధ్రాల వరస వీపున కనిపిస్తూనే ఉంటుంది. బిగించడం ఎలాగో కుదురుతుంది గానీ వదులు చెయ్యడం కుదరదు. కాబట్టి తప్పులన్నీ గుడ్డ మీదే చేసెయ్యాలి. నమూనా మీద చంకలో ఒక ముక్క, భుజాల వెనక రెండు మడతలు పెట్టించాడు. చెయ్యి ఎత్తితే జాకెట్ మొత్తం లేవకుండా ఉండడానికి ఆ చంక ముక్కే ఆధారం. ఆ మడతలు బండి ఎక్కితే విచ్చుకుంటాయి, దిగితే మూసుకుంటాయి.

తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు కాబట్టి కొసరు లేకుండా కొనాలని మనకి ఉంటుంది. ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒకే తోలులో వెన్ను దగ్గరి భాగం గట్టిగా, బిగువుగా ఉంటుంది. పొట్ట భాగం సాగుతుంది. వీపుకీ భుజాలకీ మోచేతులకీ వెన్ను భాగం, పొట్ట భాగం ఏ కాలర్ లోపలికో, జేబు వెనక్కో. ఇది పాటించకపోతే ఒక భుజం ఒకలా, రెండో భుజం ఇంకోలా సాగి, ఏడాది తిరిగేసరికి జాకెట్ పక్కకి వాలినట్టు తయారవుతుంది. కొత్తలో ఒంటికి బిగుతుగానే ఇచ్చాడు. ఊపిరాడటం లేదంటే, “తొడుగు, అదే నీ మాట వింటుంది” అన్నాడు. తోలు వేడికీ చెమటకీ అడ్డంగా కాస్త సాగుతుంది, మోచెయ్యి వంపు నేర్చుకుంటుంది. పొడవు మాత్రం అంగుళం కూడా పెరగదు. అందుకని వెడల్పులో కొంచెం బిగుతు ఓర్చుకోవచ్చు, పొడవులో రాజీ పడకూడదు.

ఇదంతా ఒక్క తోప్సియాలోనే కాదు. బెంటింక్ స్ట్రీట్ చైనా చెప్పుల దుకాణాల్లో కాలు కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసుకునేవారు. ట్యాంగ్రాలో హక్కా చైనీయుల టానరీలు తోలు ఊనేవి. 1962 చైనా యుద్ధం తర్వాత వాళ్ళలో కొందరిని దేవ్‌లీ నిర్బంధ శిబిరానికి తోలేశారు. తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది విదేశాలకు వెళ్ళిపోయారు. 1996 డిసెంబరులో ట్యాంగ్రా, తిల్జలా, తోప్సియా, పగ్లాడాంగా టానరీలను ఊరి బయటికి మార్చమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ క్రోమియం నీళ్ళు, ఆ కంపు అనుభవించినవాణ్ణి, తీర్పు తప్పనను. టానరీలు బాన్‌తలాకి పోయాయి. తోలు తయారయ్యే చోటుకీ కుట్టే చోటుకీ మధ్య మైళ్ళు పెరిగాయి. “ఈ ముక్క వద్దు, ఆ ముక్క ఇవ్వు” అని నడిచి వెళ్ళి మార్చుకొచ్చే సదుపాయం పోయింది.

ఇక ఈ రోజులు. మా మనవడు దుర్గా పూజల ముందు నుంచీ ఒక లెదర్ జాకెట్ కొంటూనే ఉన్నాడు. ఎల్ వచ్చింది, వదులని తిప్పి పంపాడు. ఎమ్ వచ్చింది, చంకలో పట్టేసింది. ఇంకో కంపెనీ ఎక్సెల్ వచ్చింది, మొదటి కంపెనీ ఎమ్ కన్నా చిన్నది. “చార్ట్ చూసే పెట్టాను తాతా!” అంటాడు. ఏ చార్టురా? అమెరికా వాడి 40 అంటే ఛాతీ అంగుళాల్లో. యూరప్ వాడి 50 అంటే ఛాతీ సెంటీమీటర్లలో సగం. రెండూ ఇంచుమించు ఒకే మనిషి. వాడు 50 చూసి హడలిపోయాడు. పైగా ఈ చార్టులన్నీ ఎవరి ఒళ్ళు చూసి రాసినవి? మనవాళ్ళకి భుజాలు సన్నం, పొట్ట ముందుకి. ఛాతీకి సరిపోతే పొట్ట పట్టదు, పొట్టకి తీసుకుంటే భుజాలు మోచేతుల దాకా జారతాయి. మన దేశానికంటూ ఒక సైజు చార్టు లేదని గుర్తించి ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ వాళ్ళు ‘ఇండియాసైజ్’ అని ఒక సర్వే తలపెట్టారు. కోల్‌కతా, హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ళ వయసున్న పాతికవేల మంది ఒళ్ళు త్రీడీ స్కానర్లతో కొలవాలని. మంచిదే. కానీ ఆ పాతికవేల మందినీ యంత్రం ముందు నిలబెట్టే కదా కొలిచేది! బండి ఎవరు తెస్తారు?

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటివాళ్ళదే పైచేయి, ఒప్పుకుంటాను. మా జాకెట్లలో తోలు తప్ప ఇంకేమీ లేదు. పడితే ఒరుసుకుపోకుండా చర్మాన్ని కాపాడేది, ఎముకను కాదు. ఇప్పుడు మోచేతికీ భుజానికీ వీపుకీ ప్రొటెక్టర్లున్నాయి. యూరప్‌లో 2020లో వచ్చిన ఈఎన్ 17092 అనే ప్రమాణం జాకెట్లకు ఏ నుంచి ట్రిపుల్ ఏ దాకా గ్రేడ్లిచ్చింది. రోడ్డు మీద ఒరుసుకుంటే ఎంతవరకు చిరగకుండా ఉంటుందో, కుట్టు ఎంత లాగితే తెగుతుందో పరీక్షించాకే ఇస్తారు. లోపలి ప్రొటెక్టర్లకి వేరే ప్రమాణం, అందులో లెవెల్ 1 కన్నా లెవెల్ 2 మెరుగు. మా రోజుల్లో ఇవే ఉంటే నాకు తెలిసిన రెండు మూడు మోచేతులు ఇంకా తిన్నగా వంగేవి.

అయితే ఇవి వచ్చాక కొలత ఇంకా ముఖ్యమైంది, అదే వీళ్ళకి ఎక్కదు. జాకెట్ వదులైతే ప్రొటెక్టర్ ఉండాల్సిన చోట ఉండదు, వదులు గాజులా ముంజేతి మీదికి జారిపోతుంది. కింద పడ్డ క్షణంలో రోడ్డుకి తగిలేది మోచెయ్యి, ప్రొటెక్టర్ పక్కన ఉంటుంది. బండి మీద కూర్చున్నట్టు చెయ్యి వంచి, ఆ గట్టి భాగాన్ని రెండో చేత్తో పట్టుకుని తిప్పి చూడాలి. తిరిగిందంటే ఆ సైజు మనది కాదు. ట్రిపుల్ ఏ అయినా సరే. మొన్న ఒక దుకాణంలో అలా తిప్పి చూపిస్తే అమ్మే కుర్రాడు, “సార్, ఒక సైజు పెద్దదే తీసుకోండి, లోపల స్వెటర్ పడుతుంది” అన్నాడు. వాణ్ణి అని ఏం లాభం? వాడు కూడా బండి మీద కాకుండా మెట్రోలోనే వస్తాడట.

పైగా సగం మంది కొంటున్నది తోలే కాదు. మా కోల్‌కతా తేమకి రెండు వానాకాలాలు తిరగ్గానే పొలుసులు రాలే రెక్సిన్. పేరు మాత్రం లెదర్ అనే. నిజమైన తోలు కొన్నవాడు కూడా మిల్లీమీటరు మందం లేని గొర్రె తోలు కొని, ముట్టుకుంటే ఎంత మెత్తగా ఉందోనని మురిసిపోతాడు. బండికి ఆవు తోలు, గేదె తోలు కావాలి, అదీ మిల్లీమీటరు దాటి మందం ఉండాలి. మెత్తదనం మెల్లగా వస్తుంది, కొనేటప్పుడే వస్తే అనుమానించాలి. మే నెలలో ఆ బరువు మొయ్యలేమంటే జాలీ గుడ్డ జాకెట్లున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. వాటికీ తిప్పి చూసే పరీక్షే.

చివరికి మనవణ్ణి తోప్సియా తీసుకెళ్ళాను. పాత మాస్టరు లేడు. ఎగుమతి సరుకు కుట్టే షెడ్లు, పారిశ్రామిక గ్లవ్స్ కట్టలు, వాటి మధ్య పాతికేళ్ళ కుర్ర మాస్టరు. నన్ను పట్టించుకోకుండా నేరుగా మనవణ్ణి అడిగాడు, “ఏ బండి?” వాడిది హ్యాండిల్ కిందికి ఉండే స్పోర్ట్స్ బండి. అయితే వెనక ఇంకో అంగుళమున్నర దింపుతానన్నాడు కుర్రాడు. నాకు వంక దొరకలేదు. ఎక్కించాడు, వంగమన్నాడు, టేపు తీశాడు, మోచెయ్యి వంచే కొలిచాడు. కొలతలు మాత్రం ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. అందులోనూ సెంటీమీటర్లు! పుస్తకం పెట్టుకోవయ్యా, ఫోన్ పోతే మళ్ళీ బండి తెచ్చుకోవాలా అని అడిగితే, “దాదూ, క్లౌడ్‌లో ఉంటాయి” అన్నాడు. మేఘాల్లో ఉంటాయిట వీడి చేతి కొలతలు. కాగితం తెప్పించి, అంగుళాల్లోకి మార్చి, నా జేబులో పెట్టుకుని వచ్చాను.