తక్కువ ఖర్చులో ఎక్కువ మోత

కారులో పాట కారులో కూచున్నవాళ్ల కోసం అనుకునేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపి వేరే పని చూసుకోవచ్చు. గద్వాల కోట ముందైనా, వనపర్తి పాలిటెక్నిక్ గేటు ముందైనా, నాగర్‌కర్నూల్ బస్టాండు ముందైనా, మన కారు వస్తోందన్న సంగతి కారు కంటే ముందు చేరాలి. 2016 అక్టోబరు 11న ఈ మూడు ఊళ్లూ ఒక్క రోజే జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు ప్రభుత్వం ఇచ్చింది. జిల్లా కేంద్రానికి తగ్గ సౌండ్ మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.

బడ్జెట్ అంటే సెకండ్‌హ్యాండ్ ఆల్టో కొనగా జేబులో మిగిలింది. విత్తన పత్తి డబ్బులు కంపెనీ ఆర్గనైజరు చేతిలోంచి వచ్చేదాకా ఆగుదామంటే ఆలోపు కారు తుప్పు పడుతుంది. కాబట్టి ఉన్నదాంట్లోనే కానివ్వాలి. దుకాణానికి పోండి. స్పీకరు చేతిలోకి తీసుకోవద్దు, డబ్బా తీసుకోండి. మంటలు, పులి, మెరుపు బొమ్మల్లో కనీసం రెండుండాలి. ఆ తర్వాత సంభాషణ ఇలా సాగుతుంది:

"అన్నా, ఎన్ని వాట్లు?"

"వెయ్యి, తమ్మీ."

"ఒక్కటా, రెండు కలిపా?"

"నీకెట్ల కావాల్నంటే అట్ల."

ఇంతకంటే గిట్టుబాటు బేరం దొరకదు. ఇంట్లో ఇస్త్రీపెట్టె కూడా వెయ్యి వాట్లదే గదా, అది కాలుతుంది, ఇది కాలదేమిటన్న ప్రశ్న రానివ్వకండి. ఇలాంటివి నాలుగింటికి నిజంగా నాలుగు వేల వాట్లు పంపాలంటే 12 వోల్టుల బ్యాటరీలోంచి 330 ఆంపియర్లకు పైగా లాగాలి. టేపు వెనకాల గుచ్చి ఉండే ఫ్యూజు మహా అయితే 15 ఆంపియర్లది. ఇంజను నడుస్తున్నప్పుడు ఉండే 14 వోల్టులతో దాన్ని హెచ్చవేస్తే మొత్తం 210 వాట్లు. అందులోనూ కొంత వేడి కింద పోతుంది. డబ్బా మీద 4×50 అని అచ్చేసిన మామూలు టేపు గొంతు చీరకుండా ఒక్కో స్పీకరుకు ఇవ్వగలిగేది 20 వాట్లకు అటూ ఇటూగా. అందుకే ఫ్యూజు కనబడకుండా టేపును వెంటనే డాష్‌బోర్డులోకి తోసేయండి. డబ్బా అడుగున చీమతలకాయంత అక్షరాలతో, స్పీకరు నిజంగా తట్టుకునే వాట్లు చెప్పే ఆర్ఎంఎస్ అని ఒక అంకె ఉంటుంది. చదివేటప్పుడు దాని మీద బొటనవేలు పెట్టుకోవడం మర్యాద.

దాని పక్కనే సెన్సిటివిటీ అని ఇంకో అంకె. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెబుతుంది. అది మూడు పెరిగితే అంతే మోతకు సగం వాట్లు చాలు. 88 అని రాసినదాని బదులు 91 అని రాసినది కొంటే యాంప్లిఫయరును రెట్టింపు చేసినట్టే, అదీ పైసా ఖర్చు లేకుండా. ఇక యాంప్లిఫయరు కొనే అవసరమే రాదు. దుకాణదారుకూ పిల్లలుంటారు, ఫీజులుంటాయి. అంత స్వార్థం పనికిరాదు.

ఇప్పుడు బిగింపు. తలుపు అట్ట విప్పితే స్పీకరుకు నాలుగు స్క్రూ రంధ్రాలు కనిపిస్తాయి. రెండింటికి బిగించి మిగతా రెండింటినీ దేవుడికి వదిలేయండి. స్పీకరు కోను ముందుకు గాలిని తోసినప్పుడు వెనకాల అంతే గాలిని గుంజుకుంటుంది. ముందు గాలీ వెనక గాలీ సందుల్లోంచి కలుసుకుంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. మొదట పోయేది బేస్. కార్పెంటరు దగ్గర పడున్న 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కను రింగులా కోయించి, నీళ్లకు ఉబ్బకుండా రంగు పూసి, చుట్టూ ఫోమ్ పట్టీ అతికించి, నాలుగు స్క్రూలూ గట్టిగా బిగిస్తే పాత స్పీకరే కొత్తదానిలా పలుకుతుంది. తలుపు రేకుకు లోపలివైపు బ్యూటైల్ షీటు ముక్కలు నాలుగైదు అంటిస్తే రేకు గలగలా ఆగిపోతుంది. చేసేవాళ్లు చేస్తారు. కానీ ఇదంతా అట్ట వెనక దాక్కునే పని. ఎవరికీ కనబడనిదానికి ఖర్చు పెడితే అది సౌండ్ సిస్టం ఎట్లా అవుతుంది?

షీటుకు డబ్బులెందుకు, మన గద్వాల నడిగడ్డలో పత్తికేం తక్కువ అని తలుపు నిండా పత్తి కుక్కే ఉపాయం ఉంది. అద్దం వెంట జారే వాననీళ్లు తలుపు లోపలికే దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. పత్తితో అవి పూడుకుపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి. శ్రావణం వచ్చేసరికి మలుపు తిరిగినప్పుడల్లా తలుపులో జూరాల జలాశయం కదులుతుంది. స్టీరియో అంటే రెండువైపుల నుంచీ వినబడడమే గదా, కుడి తలుపులో కూడా కుక్కండి.

ఇక స్పీకరు బాక్సు గురించి ఈ ప్రాంతానికి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెర చూడండి. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు కదలకుండా తేనె మైనం. తీగను విడిగా మీటితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు. ఆ అదురును బొంగు మోసుకెళ్లి బుర్రలకిస్తే, బుర్రలోని గాలి దాన్ని గుంపుకంతటికీ పంచుతుంది. బ్యాటరీ లేదు, ఫ్యూజు లేదు, వాట్లు సున్న. ఆ కిన్నెరతోనే ఆయన 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో వినబడ్డారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. కారులో ఆ పాట పెట్టేటప్పుడు మాత్రం ఆయన భాగం దాటేసి దరువు అందుకునే చోటికి లాగండి. కిన్నెర భాగంలో వూఫరుకు పనేమీ ఉండదు, డబ్బులు పెట్టి కొన్న వస్తువు ఊరికే కూచుంటే మనసొప్పదు.

ఇక్కడ నిజంగానే ఒక మెలిక ఉంది. కిన్నెర బుర్ర తన సొంత నాదాన్ని కలపాలి, అందుకే అది పల్చగా, బోలుగా ఉంటుంది. స్పీకరు బాక్సుకు సొంత నాదం ఉండకూడదు, అందుకే బరువుగా, గట్టిగా ఉండాలి. తట్టి చూస్తే డబడబా మోగే బాక్సు పాటలో తానూ ఒక చరణం పాడుతుంది. చవకలో దొరికే గొట్టం వూఫర్లలో చాలావాటికి ఒకే ఒక్క స్వరం వచ్చు. ఇళయరాజా పెట్టినా బతుకమ్మ పాట పెట్టినా అది చెప్పేది ఒక్కటే: బుమ్. అక్కడ పన్నెండు మెట్లు, ఇక్కడ ఒక్కటి. మీరు ఒక్క మెట్టుదే తీసుకోండి. ఇరుగుపొరుగుకు గుర్తుపట్టడం సులువు.

వెనక అద్దం కింది అట్టకు రంధ్రాలు కోసి కోడిగుడ్డు ఆకారపు 6×9 స్పీకర్లు పెట్టడం ఆచారం. ముందు కూచున్న డ్రైవరుకు పాట వీపు వెనక నుంచి వస్తుంది, కాని అద్దంలోంచి జిగేలుమనే లైటు వెనకొచ్చే లారీవాడికి కనబడుతుంది గనక లెక్క సరిపోతుంది. వీటిని పరీక్షించడానికి మంచి అదను పెళ్లి ప్రయాణం. గద్వాల చీర కట్టుకున్న ముగ్గురు పెద్దవాళ్లను వెనక సీట్లో కూచోబెట్టండి. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు, వాటిలో మనుషులు: కీచుమనే పైస్వరాలను వీళ్లందరూ కలిసి బాగానే పీల్చుకుంటారు. అందుకని ట్రెబుల్ ఇంకాస్త పెంచాలి.

"ఏంరా, జర తక్కువ జెయ్. తలకాయ వలుగుతుంది."

"ఇంక ఫుల్లు పెట్టనే లేదత్తా."

పెంచడంలో మొహమాటం వద్దు. బేస్ ఏడు, ట్రెబుల్ ఏడు, లౌడ్‌నెస్ ఆన్. పైనా కిందా లేచిపోయాక నడుమ పల్లంలో మిగిలేది గొంతు. పాటలో మాటలెవరికి కావాలి? తెల్కపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చింది మాటలకే గాని వూఫరుకు కాదు. ఆయన పాట పెట్టి ఒక్క మాటా అర్థం కాకుండా నాగర్‌కర్నూల్ బజారు దాటగలిగితే మీ సెట్టింగు కుదిరినట్టే.

తర్వాత వాల్యూం. చివరిదాకా తిప్పండి, మధ్యలో ఆపడానికా అన్ని గీతలు పెట్టింది? ఒక హద్దు దాటాక యాంప్లిఫయరు దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. స్వరపు అలల తలలు నరికి చదును చేసి పంపిస్తుంది. ఆ నరుకుడులో పుట్టే పైస్వరాలన్నీ పోయి ట్వీటరు మీద పడతాయి. దాని లోపలి తీగ వెంట్రుకంత సన్నం. ఒకరోజు చిన్న కమురు వాసన వస్తుంది, ఆ తర్వాత తాళాలు, గజ్జెలు వినబడవు. విచారించకండి. ఈసారి రెండు వేల వాట్లది తీసుకోవచ్చు.

పాటల సంగతి క్లుప్తంగా: పెన్‌డ్రైవులో పాటల లెక్క ముఖ్యం, ఫైలు ఎంత పిండేశారన్నది కాదు. పిండేసిన 64 కేబీపీఎస్ పాటను 320 దానితో మార్చితే స్పీకర్లు మార్చినంత తేడా వస్తుందని తెలిస్తే స్పీకర్లు అమ్ముడుపోవు. 1956లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ కారులో రికార్డు ప్లేయరే పెట్టింది. కుదుపులకు ముల్లు ఎగరకుండా దాన్ని బరువుగా నొక్కిపట్టారు, దాంతో రికార్డులు అరిగిపోయాయి. వాళ్లు మన స్పీడుబ్రేకర్లు చూడలేదు.

వైరింగుకు వద్దాం. టేపు వెనక తీగలకు రంగులుంటాయి: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతిదానికీ నల్లచార ఉన్న జంట ఉంటుంది, అది మైనస్. ఒక తలుపులో ఈ జంటను తారుమారు చేస్తే ఎడమ కోను ముందుకొచ్చినప్పుడు కుడి కోను వెనక్కి పోతుంది. బేస్ మాయమవుతుంది, పాడేవాడు ఎక్కడున్నాడో తెలియదు. చాలా కార్లలో 'సౌండ్ మంచిగ లేదు' అనే రోగానికి మూలం ఇదే. గోడ గడియారంలోంచి ఒక సెల్లు తీసి, స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకించి చూడండి. సెల్లు ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తాకితే కోను ముందుకు ఉబ్బుతుంది, తారుమారైతే లోపలికి పోతుంది. గడియారం రెండు నిమిషాలు ఆగుతుంది, అంతే ఖర్చు. ఈ ముక్క ఎవరికీ చెప్పకండి.

యాక్సిలరేటరు తొక్కినకొద్దీ స్పీకర్లో కుయ్యిమని ఒక ఈల లేస్తుంది. ఎర్త్ తీగను రంగు గీకిన రేకు మీద గట్టిగా బిగిస్తే చాలాసార్లు పోతుంది. పోగొట్టకండి. ఇంజను వేగం చెప్పే మీటరు లేని కారుకు అది ఉచితంగా వచ్చిన మీటరు.

ఇక ట్రయల్. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి హైవే ఎక్కండి. కిటికీలు దించితే గాలిహోరు, టైర్లరొద కలిసి మొదట తినేది మళ్లీ బేస్‌నే. పెట్టిన డబ్బంతా కృష్ణార్పణం, అదృష్టవశాత్తూ బీచుపల్లి దగ్గర నది కూడా సిద్ధంగా ఉంది. వంతెన దాటాక పక్కకు ఆపి, అద్దాలు ఎత్తి, ఇంజను ఆపి వింటే స్పీకర్లు ఎలా పలుకుతున్నాయో తెలుస్తుంది. అక్కడ ఆపకుండా పెబ్బేరు మీదుగా వనపర్తికి పోనివ్వండి. తెలుసుకుంటే బాధ.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదట, రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకానట. మీరు ఇల్లు చేరేది పదకొండున్నరకు. గల్లీ మొదట్లోనే ఫుల్లు పెట్టండి. కిటికీ రెక్కలు, వంటింటి గిన్నెలు, ఎవరిదో పసిపిల్ల, వరుసగా అందుకుంటాయి.

ఒక్క మాట మిగిలింది. పసుపు తీగ నేరుగా బ్యాటరీకి, ఎర్ర తీగ తాళంచెవి తిప్పితే పారే కరెంటుకు కలపాలి. రెండింటినీ మెలేసి బ్యాటరీకే తగిలిస్తే ఒక కనెక్షను పని మిగులుతుంది, టేపు మాత్రం ఎప్పటికీ పడుకోదు. రాత్రంతా మేలుకుని, ముసలి బ్యాటరీని తెల్లారేసరికి పీల్చి పిప్పి చేస్తుంది. అప్పుడు రెండో గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి, తోసేవాళ్ల కోసం గల్లీలోకి చూడాలి. నిద్ర చాలని మొహాలతో బయటికొచ్చేది రాత్రి గిన్నెలు అదిరిన ఇళ్లవాళ్లే.

"అన్నా, జర ఓ చెయ్యేస్తవా?"

"పాట పెట్టు తమ్మీ. ఆ సప్పుడుకు గదే కదుల్తది."